ఆరవ పౌలు పోపుగారూ, మా ఇంటి తగవులూ

మా ఇంట్లో ఆరవ పౌలు పోపుగారిని పూర్తిగా మెచ్చుకున్నవారు ఒక్కరూ లేరు; పూర్తిగా తప్పుపట్టినవారూ లేరు. 1963 నుంచి 1978 వరకు ఆయన పేతురు పీఠం మీద, అంటే క్యాథలిక్ సభకు అధిపతిగా ఉన్నారు. నా బాల్యమూ, చదువూ, మొదటి ఉద్యోగమూ ఆ కాలంలోనే గడిచాయి. ఈ రోజుల్లో ఫ్రాన్సిస్ పోపుగారు మంచి చేశారా చెడు చేశారా అని క్యాథలిక్కులు రెండు జట్లుగా చీలి వాదించుకోవడం చూసినప్పుడు నాకు ఆ వాదన కొత్తగా అనిపించదు గానీ, ఆ జట్లు మాత్రం కొత్తగా అనిపిస్తాయి. మా ఇంట్లో ఒక విషయంలో పోపుగారి పక్షాన నిలబడ్డ మనిషే ఇంకొక విషయంలో ఆయన మీద అలిగేవాడు. ఎవరు ఎటువైపో చెప్పడం కష్టంగా ఉండేది.

మాది పల్నాటి వైపు, ఫిరంగిపురం బాలయేసు గుడి పండుగకు ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్లే ఊళ్లలో ఒకటి. ఆ ప్రాంతపు కొన్ని కుటుంబాలలో విశ్వాసం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ కాలం నాటిది. తాతయ్య ఉపదేశి. విచారణ గురువులు, అంటే ఫాదర్లు, ఎప్పుడో ఒకసారి వచ్చే చిన్న ఊళ్లలో మిగిలిన రోజుల్లో జపాలు చెప్పించేదీ, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేదీ, చావు దగ్గరపడినవారి మంచం పక్కన కూర్చునేదీ ఉపదేశే. అప్పట్లో పూజ లాటిన్‌లోనే జరిగేది; మా ఊళ్లో పూజకు సాయం చేసే పిల్లలకు లాటిన్ నేర్పింది కూడా తాతయ్యే. ఆయనకు ఆ భాష అర్థం తెలిసింది తక్కువ, పలుకు తెలిసింది ఎక్కువ. గీతల నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలతో జవాబులన్నీ రాసిపెట్టుకున్నారు. గురువుగారు పీఠం మెట్ల దగ్గర నిలబడి ‘ఇంత్రోయిబో ఆద్ ఆల్తారే దేయి’ అనగానే, మోకాళ్ల మీద ఉన్న మేము ‘ఆద్ దేఉమ్ క్వి లేతీఫికాత్ యువెంతూతెమ్ మేఆమ్’ అని అందుకోవాలి. అది తేలిక. మధ్యలో వచ్చే ‘సుస్చీపియాత్’ అన్న జవాబు మాత్రం పొడుగైనదీ, నోరు తిరగనిదీ కావడంతో చాలామంది పిల్లలు మొదటి రెండు మాటలు గట్టిగా అని, మిగిలినదంతా గొణిగి, ‘సాంక్తే’ దగ్గర మళ్లీ గొంతు పెంచేవారు. తాతయ్యకు అది తెలుసు. పూజ అయ్యాక చెవి పట్టుకొని ఆ గొణిగిన ముక్కనే అప్పగించమనేవారు. పెద్ద పూజ పుస్తకాన్ని దాని పీటతో సహా పీఠం కుడివైపు నుంచి ఎడమవైపుకు మోసుకెళ్లడం నాకు దక్కిన గౌరవం. మెట్లు దిగి, మధ్యలో మోకరించి, మళ్లీ మెట్లు ఎక్కేటప్పుడు పుస్తకం నా ముఖానికి అడ్డం వచ్చేది.

1964 డిసెంబరులో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభకు పోపుగారు స్వయంగా వస్తున్నారంటే మా వైపు నుంచి వెళ్లినవారిలో తాతయ్య ఉన్నారు. ఒక పోపు భారతదేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఓవల్ మైదానంలో జనం తలల మీదుగా తెల్లటి అంగీ ఒకటి కదలడం తప్ప తనకేమీ కనబడలేదని ఆయనే చెప్పేవారు, అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు వణికేది. ఇతర మతాల ప్రతినిధులతో మాట్లాడుతూ పోపుగారు ‘అసత్యం నుంచి సత్యానికి నడిపించు’ అన్న ఉపనిషత్ ప్రార్థనను తలచుకున్నారని పత్రికల్లో వచ్చింది. తాతయ్య ఆ సంగతి ఊరి కరణంగారికి గర్వంగా చదివి వినిపించారట. పర్యటనలో వాడిన లింకన్ కారును మదర్ తెరెసాకు ఇచ్చేసి వెళ్లారన్న వార్త మాత్రం బాబాయికి నచ్చింది. ఆమె దాన్ని లాటరీ పెట్టి, వచ్చిన డబ్బు కుష్ఠురోగుల కోసం ఖర్చు చేశారు.

బాబాయి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఆదివారం పూజ మానడు, ఎన్నికల్లో కంకి కొడవలి గుర్తు తప్ప వేరే దానికి ఓటు వేయడు. గుంటూరు జిల్లాలో అటువంటి క్యాథలిక్కులు అంత అరుదేమీ కాదు. 1967లో పోపుగారు పేద దేశాల అభివృద్ధి గురించి ‘పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో’ అనే విశ్వలేఖ (సభ అంతటికీ పోపు రాసే లేఖ) రాసినప్పుడు, అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ దాన్ని వేడిచేసి వడ్డించిన మార్క్సిజం అని ఎద్దేవా చేసింది. బాబాయికి అంతకంటే పెద్ద కితాబు లేదు. మరుసటి ఏడాదే ఆయన కూడా అదే పోపుగారి మీద మండిపడ్డాడు.

ముందు తెలుగు పూజ సంగతి. 1963 డిసెంబరులో బిషప్పులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ, పూజలో ప్రజల భాషకు చోటిస్తూ దైవార్చన మీద చేసిన తీర్మానానికి 2147 మంది అనుకూలంగా, నలుగురే వ్యతిరేకంగా ఓటు వేశారు. తర్వాతి సంవత్సరాల్లో విడతలు విడతలుగా మా గుడికి తెలుగు వచ్చింది. మొదట పఠనాలు, ఆ తర్వాత జవాబులు, చివరికి మొత్తం పూజ తెలుగులోకి మారాయి. పీఠాన్ని గోడ నుంచి ముందుకు జరిపారు, గురువుగారు మా వైపు తిరిగారు. 1969 ఆగమనకాలం (క్రిస్మస్‌కు ముందటి వారాలు) నుంచి కొత్త పూజ క్రమం అమలులోకి వచ్చేసరికి తాతయ్య నోటుపుస్తకంతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఆయన దాన్ని పారేయలేదు, ఎవరికీ చూపించనూ లేదు. రోములో సభ సిద్ధాంతాన్ని కాపాడే కార్యాలయానికి పెద్దగా పనిచేసిన కార్డినల్ ఒత్తావియాని అంతటివాడే కొత్త పూజ క్రమాన్ని తప్పుపడుతూ పోపుగారికి లేఖ పంపించాడు. ఇంగ్లండులో రచయితలూ కళాకారులూ పాత పూజ కోసం అర్జీ పెట్టుకుంటే, క్యాథలిక్ కాని అగాథా క్రిస్టీ కూడా అందులో సంతకం చేసింది, 1971లో పోపుగారు వాళ్లకు కొంత సడలింపు ఇచ్చారు. పల్నాటి ఉపదేశి తరఫున అర్జీ రాసేవారు ఎవరున్నారు?

ఆ మొదటి తెలుగు పూజల్లో నాకు బాగా గుర్తున్నది గొంతులు. లాటిన్ రోజుల్లో గురువుగారికి జవాబు చెప్పేది మేము నలుగురైదుగురు పిల్లలమే. మిగతావారు జపమాల తిప్పుకుంటూ గంట మోగినప్పుడు తలలు వంచేవారు. ‘ఏలినవారు మీతో ఉందురుగాక’ అని తెలుగులో విన్న మొదటి ఆదివారాల్లో గుడి ముందు భాగంలో కూర్చున్న మా పెద్దలు తడబడి నోరు మెదపలేదు. వెనుక భాగం నుంచి, దళితవాడ నుంచి వచ్చి చాపలు కూడా లేని నాపరాళ్ల మీద కూర్చునేవారి నుంచి జవాబు పెద్దగా, ఒక్కసారిగా వచ్చింది. వాళ్లు రాత్రిపూట ఇళ్ల ముందు చేరి నేర్చుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రోజు ముందు వరుసల్లో కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. క్రీస్తు ముందు అందరమూ ఒకటే అని ఎన్నో ప్రసంగాలు విన్నాం గానీ, ఎవరు ఎక్కడ కూర్చోవాలో అన్నది ఏ ప్రసంగమూ మార్చలేదు. గొంతు మాత్రం ఎక్కడ కూర్చున్నా ముందుకు వస్తుంది. తాతయ్య చాలాకాలం తెలుగు పూజలో గంభీరత లేదని గొణుగుతూనే ఉన్నారు. ఒకసారి బాబాయి, ‘నీకు నచ్చనిది తెలుగా నాన్నా, ఆ వెనకవాళ్ల గొంతులా?’ అని అడిగాడు. తాతయ్య జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయారు.

1969లోనే భారతదేశపు ఆచారాలను పూజలో చేర్చుకోవడానికి పన్నెండు అంశాలకు రోము అనుమతి ఇచ్చింది. బెంగుళూరులోని జాతీయ కేంద్రంలో ఫాదర్ అమలోర్పవదాస్ ఆ పనికి పెద్ద దిక్కు. హారతి, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కారం, పాత పూజావస్త్రాలకు బదులు సాదా అంగీ, అంగవస్త్రం వంటివన్నీ అందులో ఉన్నాయి. మా ఊళ్లో మొదటిసారి హారతి ఇచ్చినప్పుడు అభ్యంతరం వచ్చింది తాతయ్య నుంచి కాదు. ‘మేము ఏ గుళ్లోకి రానివ్వలేదని ఇక్కడికి వచ్చామో ఆ గుడినే ఇక్కడికి తెస్తున్నారా?’ అని దళితవాడ పెద్ద ఒకాయన గురువుగారిని అడిగారు. తెలుగు పూజకు అందరికంటే గట్టిగా జవాబు చెప్పింది ఆయనే.

ఇక 1968. ఆ ఏడాది జూలై ఆఖరులో పోపుగారు ‘హుమానే వీతే’ విశ్వలేఖను వెలువరించారు. కృత్రిమ గర్భనిరోధాన్ని సభ అనుమతించదని అందులో చెప్పారు. దాని వెనుక ఉన్న కథ నాన్నకు ఫాదర్‌గారి బంగళాలో ఇంగ్లీషు పత్రికలు చదివే అలవాటు వల్ల ముందే తెలుసు. 23వ యోహాను పోపుగారు 1963లో ఈ విషయం మీద వేసిన చిన్న సంఘాన్ని ఆరవ పౌలు డెబ్బై మందికి పైగా ఉండేట్టు పెంచారు. వైద్యులూ, పెళ్లయిన దంపతులూ, వేదాంతులూ, మేత్రాణులూ (బిషప్పులూ) అందులో ఉన్నారు. వారిలో ఎక్కువమంది నియమాన్ని సడలించవచ్చని 1966లో సలహా ఇచ్చారు. ఆ సంగతి మరుసటి ఏడాది బయటకు పొక్కింది. కాబట్టి ప్రపంచమంతటా క్యాథలిక్కులు సడలింపు వస్తుందనే ఎదురుచూశారు. పోపుగారు రెండేళ్లు ఆలోచించి, తాను అడిగిన సలహానే పక్కనపెట్టారు. వాషింగ్టన్‌లో వేదాంతులు బహిరంగంగా అసమ్మతి ప్రకటించారు. కెనడా మేత్రాణులు విన్నిపెగ్‌లో సమావేశమై, మనస్ఫూర్తిగా ప్రయత్నించి కూడా ఆ బోధను పాటించలేకపోయినవారిని సభ నుంచి వేరుపడ్డవారిగా చూడకూడదన్న అర్థం వచ్చేట్టు ప్రకటన చేశారు. ఆ తర్వాత పదేళ్లు జీవించినా ఆరవ పౌలు మరో విశ్వలేఖ రాయలేదు.

ఆ లేఖ మా ఇంటికి చేరేసరికి మా ఊరి గోడల మీద కుటుంబ నియంత్రణ ప్రచారపు ఎర్ర త్రికోణం ఉంది, ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’ అన్న నినాదం ఉంది. ఇంట్లో మేము నలుగురం. ఐదో కాన్పు 1969లో జరిగింది. అమ్మ చాలా రక్తం పోయి చావు తప్పించుకుంది. మరో కాన్పు అయితే తన చేతుల్లో లేదని డాక్టరమ్మ నాన్నకు చెప్పింది. నాన్న బడిపంతులు, పొద్దుటే త్రికాల జపం చెప్పకుండా ఇంట్లోంచి కదలని మనిషి. మరుసటి ఏడాది ఆయన ఎవరికీ చెప్పకుండా పట్నం వెళ్లి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకొని వచ్చారు. ఆపరేషన్ చేయించుకున్నవారికి ప్రభుత్వం ఇచ్చే డబ్బును ఇంటికి తేవడం ఇష్టంలేక, గుడిలో పునీత అంతోనివారి కానుకల పెట్టెలో వేశారు. తర్వాత ఆ సంగతి తెలిసినప్పుడు తాతయ్యకు ఆపరేషన్ కంటే ఆ డబ్బు పెట్టెలో పడడం పెద్ద అపచారంగా తోచింది. దాన్ని బయటకు తీయించాలా వద్దా అని ఆయన ఎన్నాళ్లు మథనపడ్డారో చెప్పలేను.

అయితే సంగతి బయటపడింది ఆ డబ్బు వల్ల కాదు. పూజలో పంచే అప్పానికి, అదే దివ్యసత్ప్రసాదానికి, నాన్న లేవడం మానేశారు; పాపం మీద ఉన్నవారు దాన్ని తీసుకోకూడదు. మా గుడిలో ఆదివారం వరుసలో ఎవరు నిలబడలేదో అందరికీ తెలుస్తుంది. కొన్ని వారాలు చూసి ఒక రాత్రి భోజనాల దగ్గర తాతయ్య అడిగేశారు. నాన్న దాచలేదు. ఆ రాత్రి జరిగిన వాదన నాకు మాట మాటగా గుర్తుంది, ఎందుకంటే ఇద్దరూ గొంతు పెంచలేదు.

‘పోపుగారు వద్దన్నారని నీకు తెలుసుగా, అబ్బాయ్?’

‘తెలుసు. ఆయన పెట్టిన సంఘమే సరేనంది, అదీ తెలుసు.’

‘సంఘం పోపు కాదు. నేను ముప్ఫయ్యేళ్లు లాటిన్ చెప్పించాను. ఒకరోజు పొద్దున ఆయన వద్దన్నారు. మానేశాను. ఎందుకని అడగలేదు. నేను నాకు ఇష్టమైంది వదులుకున్నాను గదా, నువ్వు వదులుకోలేవా?’

‘నువ్వు వదులుకున్నది నోటుపుస్తకం నాన్నా. నన్ను వదులుకోమన్నది దీన్ని,’ అని నాన్న అమ్మ వైపు చూపించారు.

అమ్మ అప్పుడు వడ్డిస్తోంది. ‘మామయ్యగారూ, మజ్జిగ పొయ్యనా?’ అని మాత్రం అంది.

విధేయత గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, తాతయ్య అడిగిన ఆ ప్రశ్నకంటే బలమైన వాదన నాకు కనబడలేదు. నాన్న చెప్పిన జవాబుకంటే బలమైన జవాబూ కనబడలేదు. పోపుగారి ఒక ఆజ్ఞ వల్ల తాతయ్యకు గుండె కోత. ఆ ఆజ్ఞను శిరసావహించినందువల్లే రెండో ఆజ్ఞ విషయంలో కొడుకును నిలదీసే హక్కు తనకు ఉందనుకున్నారు ఆయన. నాన్నకు మొదటి ఆజ్ఞ వరం, రెండోది గండం. బాబాయి అయితే, పేదల గురించి అంత గొప్పగా రాసిన మనిషి పేదింటి ఆడదాని గురించి ఎందుకు ఆలోచించలేదని చాలా రోజులు రుసరుసలాడాడు. ఆ తర్వాత నాన్న పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లారు. గురువుగారు ఏమన్నారో ఆయన ఎవరికీ చెప్పలేదు, అడగకూడదు కూడా. ఆ ఆదివారం నుంచి వరుసలో నిలబడ్డారు. తాతయ్య ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా గురువుల్లో చాలామంది ఆ రోజుల్లో పీఠం మీద నుంచి పోపుగారి మాటే చెప్పి, పాపసంకీర్తనపు పెట్టెలో మాత్రం మనిషిని బట్టి మాట్లాడేవారని నా నమ్మకం. దాన్ని కపటం అనేవారున్నారు, నేను అనను.

1976 జూలై నాటికి ఎమర్జెన్సీ వచ్చి ఏడాది దాటింది. ఉద్యోగుల మీద, బడిపంతుళ్ల మీద ‘కేసులు’, అంటే ఆపరేషన్‌కు మనుషులను, తెమ్మని ఒత్తిడి పెరిగింది. 1976–77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిన విన్నంత దౌర్జన్యం మా వైపు లేకపోయినా, కోటా నింపని పంతుళ్ల జీతం ఆగిన సందర్భాలు ఉన్నాయి. నాన్న జీతం కూడా కొంతకాలం ఆగింది. ఆపరేషన్ తానే చేయించుకున్న మనిషి, ఇంకొకరిని తీసుకురావడానికి మాత్రం ససేమిరా అన్నారు. పై అధికారి పిలిపించి కారణం అడిగితే, బంగళా నుంచి తెచ్చుకున్న ‘హుమానే వీతే’ ఇంగ్లీషు ప్రతిని తీసి, గర్భనిరోధం ప్రభుత్వాల చేతికి చిక్కితే ప్రజల మీద బలవంతంగా రుద్దే ప్రమాదం ఉందని పోపుగారు 1968లోనే హెచ్చరించిన భాగాన్ని చదివి వినిపించారట. ఆ అధికారి హిందువు. ‘మీ పోపుగారి మాట మీరే వినలేదు గదండీ, మీ కార్డులో ఉంది,’ అన్నాడట. ‘ఆ మాట వినలేదు, ఈ మాట వింటున్నాను,’ అన్నారట నాన్న. తాతయ్య ఈ సంగతి విని, కొడుకును గెలిచానన్న సంతోషం ఏమీ చూపించలేదు గానీ, జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చు తన పెట్టెలోంచి తీసి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే లాటిన్ పూజ కోసం పోపుగారిని ధిక్కరించిన ఫ్రెంచి ఆర్చిబిషప్పు మార్సెల్ లెఫెవ్ర్ వార్త వచ్చింది. స్విట్జర్లాండులోని ఎకోన్‌లో వద్దన్నా గురుపట్టాలు ఇచ్చినందుకు జూలైలో ఆయనను గురుత్వ విధుల నుంచి నిలిపివేశారు. సెప్టెంబరులో పోపుగారు ఆయనను పిలిపించి మాట్లాడారు. తాతయ్య లెఫెవ్ర్ పక్షాన మాట్లాడతారని బాబాయి పందెం కాశాడు. పందెం పోయింది. పత్రిక మడిచి పక్కన పెట్టి, ‘పోపుగారిని కాదని చేసే పూజకు లాటిన్ ఎందుకు, ఏ భాషైనా ఒకటే,’ అన్నారు తాతయ్య. అయినా పదిమందీ ఉన్న చోట కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు, సాయంత్రాలు పెరట్లో తిరుగుతూ ఆయన ‘సుస్చీపియాత్’ చెప్పుకోవడం నేను విన్నాను. ఆ చిన్న పిల్లల జవాబును, గురువు లేకుండా, గురువు వంతు కూడా తానే చెప్పుకుంటూ వల్లించేవారు.

తాతయ్య 1978 ఏప్రిల్‌లో పోయారు. ఇటలీలో ‘రెడ్ బ్రిగేడ్స్’ అనే సాయుధ ముఠా చేతుల్లో బందీగా ఉన్న తన మిత్రుడు, మాజీ ప్రధాని ఆల్దో మోరోను విడిచిపెట్టమని పోపుగారు వాళ్లకు స్వయంగా లేఖ రాసి బతిమాలుకున్నది ఆ నెలలోనే. మే నెలలో మోరోను చంపేశారు. ఆగస్టు 6న, దివ్యరూపధారణ పండుగనాడు కస్తెల్ గండోల్ఫోలో పోపుగారు మరణించారు. నేల మీద పెట్టిన సాదా చెక్క శవపేటిక, దాని మీద తెరిచిన సువార్త పుస్తకం ఉన్న ఫోటో చూసి నాన్న చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. ఆయనను తిట్టినన్ని తిట్లు నాన్న ఏ పోపునూ తిట్టలేదు. ఆ తర్వాత వచ్చిన పోపులను అంతగా పట్టించుకోనూ లేదు.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడి కొడుకు అక్కడ పాత లాటిన్ పూజకు వెళ్తాడు. 2021 జూలైలో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ పూజ మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఫోన్ చేసి మండిపడ్డాడు. మొదలు ఈ నాశనమంతా ఆరవ పౌలు వల్లే వచ్చిందన్నాడు. ‘హుమానే వీతే’ రాసినందుకు మాత్రం ఆయన మహా సాధువన్నాడు. వాడి మాటల్లో తాతయ్య సగం వినబడ్డారు; ఆజ్ఞ వచ్చింది కాబట్టి వదులుకున్నాను అన్న మిగతా సగం వినబడలేదు. వాడికి తెలుగు పూజ జవాబులు రావు. అది వాడి తప్పు కాదు, కానీ వెనుక వరుసల గొంతుల సంగతి వాడికి ఎలా చెప్పాలో నాకు తోచలేదు. ఫ్రాన్సిస్ పోపుగారిని మెచ్చుకునే నా స్నేహితులు వాడి గురించి మాట్లాడే తీరు కూడా నాకు నచ్చదు. ప్రేమించిన పూజను పోగొట్టుకున్నవాడి బాధను వాళ్లు మూర్ఖత్వం కింద కొట్టిపారేస్తారు. నేను ఆ బాధను ఇంట్లో చూశాను.

అంతకు ముందు, 2018 అక్టోబరు 14న ఫ్రాన్సిస్ పోపుగారు ఆరవ పౌలును పునీతుడిగా ప్రకటించారు. నాన్న అప్పటికి లేరు. పునీత పదవికి లెక్కలోకి తీసుకున్న రెండు అద్భుతాలూ కడుపులో ఉన్న బిడ్డలకు సంబంధించినవే. రెండోది ఇటలీలోని వెరోనా దగ్గర జరిగింది. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయిన గర్భిణి ఆయనను వేడుకుంటే ఆడపిల్ల బతికి బయటపడింది. ఆ రోజు టీవీలో పూజ చూస్తున్న అమ్మకు ఇదంతా తెలుగులో చెప్పాను. ఎనభై దాటిన అమ్మకు చెవులు సరిగా వినబడవు కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అంతా విని, ‘తల్లి బతికిందా?’ అని అడిగింది. బతికిందనీ, ఆ పిల్ల కూడా బాగుందనీ చెప్పాను. ‘అయితే పటం తెచ్చి పెట్టు,’ అంది. ‘మీ తాతయ్య బొంబాయి నుంచి తెచ్చిందానికి చెదలు పట్టింది.’